గడ్డిబండి వెనుక సఫోక్ మంటలు

లండన్ నేషనల్ గ్యాలరీలోని ‘ది హే వెయిన్’ను చూసినవారికి ఇంగ్లండ్ పల్లె అంటే ఇదే అనిపిస్తుంది. 1821లో జాన్ కాన్‌స్టబుల్ గీసిన ఆ బొమ్మ పల్లె కష్టాన్ని కప్పిపుచ్చిందన్న విమర్శ దశాబ్దాలుగా ఉంది. అందులో చాలావరకు నిజముంది.

బొమ్మలో తూర్పు ఇంగ్లండ్‌లోని సఫోక్ జిల్లా సరిహద్దున పారే స్టౌర్ నది. లోతులేని నీళ్లలో ఖాళీ గడ్డిబండి, మెడలో ఎర్రటి పట్టెడలున్న గుర్రాలు, ఒడ్డున ఒక కుక్క. కుడివైపు పచ్చికలో, బాగా దూరంగా, గడ్డి కోస్తున్న కూలీలు. తెల్లటి రంగు చుక్కలంతే. పరీక్షగా చూస్తే తప్ప మనుషులని తెలియదు.

ఆ చుక్కల బతుకు అప్పుడెలా ఉంది? 1815లో నెపోలియన్‌తో యుద్ధం ముగిసి సైనికులు ఇళ్లకు చేరారు. పని కోసం పోటీ పెరిగి కూలి పడిపోయింది. అదే ఏడాది భూస్వాముల పార్లమెంటు విదేశీ ధాన్యాన్ని అడ్డుకునే చట్టం చేసి, రొట్టె ధర దిగకుండా చూసింది. ఉమ్మడి భూములకు కంచెలు పడ్డాయి. పేదవాడికి ఆవును మేపుకునే చోటు లేకుండా పోయింది. చలికాలంలో నాలుగు డబ్బులిచ్చే నూర్పిడి పనిని యంత్రాలు లాక్కున్నాయి. 1816లో తూర్పు జిల్లాల కూలీలు ‘రొట్టె లేదా రక్తం’ అంటూ తిరగబడితే, ఈలీ పట్టణంలో ఐదుగురిని ఉరితీశారు. 1822లో మళ్లీ యంత్రాలు పగిలాయి, మంటలు లేచాయి.

కాన్‌స్టబుల్‌కు ఇదంతా తెలుసు. బొమ్మలోని ఆ నది పక్కన ఉన్న ఫ్లాట్‌ఫర్డ్ మిల్లు వాళ్ల నాన్నదే. దూరానో దగ్గరో మంటలు కనిపించని రాత్రి లేదని ఊళ్లో ఉన్న తమ్ముడు వాపోతున్న సంగతి, 1822లో ఆయనే మిత్రుడు ఫిషర్‌కు రాశాడు. ఆయన అబద్ధం గీశాడని నేను అనను. మబ్బుల్నీ నీటి మీది వెలుగునీ అంత శ్రద్ధగా చూసిన చిత్రకారులు అరుదు. అయితే అది మిల్లు యజమాని కొడుకు చూపు. కూలీ ముఖం కనిపించేంత దగ్గరికి ఈ బొమ్మలో ఆ చూపు వెళ్లలేదు.

1886లో ఒక దాత దాన్ని నేషనల్ గ్యాలరీకి ఇచ్చేనాటికి దేశ జనాభాలో సగానికి పైగా పట్టణాల్లోనే ఉంది. ఊరు వదిలి వచ్చిన తరాలకు అది పోగొట్టుకున్న సొంతూరైంది.

ఫ్రాన్స్‌లో మిల్లే అనే చిత్రకారుడు 1857లో దీనికి తలకిందులుగా గీశాడు. కోత అయిన చేలో పరిగె ఏరుకునే ముగ్గురు స్త్రీలను కళ్లముందుకు తెచ్చి, కుప్పలనూ గుర్రం మీది అజమాయిషీదారునూ వెనక్కి నెట్టాడు. వంగిన ఆ మూడు నడుములను చూసి పారిస్ విమర్శకులు కొందరు తిరుగుబాటు వాసన పట్టారు.