క్రయోలైట్‌ను రాళ్లలో గుర్తించడం: అపోహలు - వాస్తవాలు

సోడియం, అల్యూమినియం, ఫ్లోరిన్ కలిసిన అరుదైన ఖనిజం క్రయోలైట్. దీన్ని పెద్ద ఎత్తున తవ్వి తీసిన చోటు నైరుతి గ్రీన్‌లాండ్‌లోని ఇవిట్టూట్. ఆ గని 1987లో మూతపడింది. అమెరికాలోని కొలరాడోలో, కెనడాలోని మాంట్ సెంట్ హిలేర్‌లో, రష్యాలోని ఇల్మెన్ కొండల్లోనూ కాస్త కాస్త దొరుకుతుంది. ఇంత అరుదైనది కాబట్టే తెల్లగా కనిపించిన ప్రతి రాయికీ ఈ పేరు తగిలిస్తుంటారు.

అపోహ: క్రయోలైట్ మంచుగడ్డలా తెల్లగా, తేటగా ఉంటుంది.

తెల్లనిదే ఎక్కువ, నిజమే. కానీ గోధుమ, ఎరుపు, బూడిద రంగుల్లో, దాదాపు నల్లగా కూడా దొరుకుతుంది. రంగు కంటే పక్కన ఏముందో చూడండి. ఇవిట్టూట్ రాయిలో గోధుమరంగు సిడరైట్, సీసం రంగు గెలీనా, పలుగురాయి, స్ఫాలరైట్, చాల్కోపైరైట్ కలిసి ఉంటాయి. తెల్ల ముద్ద మీద కొవ్వొత్తి మైనం లాంటి మెరుపు, పక్కన ఈ జట్టు కనిపిస్తే పరీక్షలు మొదలుపెట్టొచ్చు.

అపోహ: నీళ్లలో వేస్తే మాయమైతే అది క్రయోలైటే. మాయం కాకపోతే కాదు.

ఈ మాట రెండు వైపులా తప్పే. నీటి వక్రీభవన గుణకం (కాంతిని ఎంత వంచుతుందో చెప్పే అంకె) 1.333, క్రయోలైట్‌ది సుమారు 1.338. తేడా అంత తక్కువ కాబట్టి ముక్క అంచుల దగ్గర కాంతి దాదాపు వంగదు, అంచు కంటికి ఆనదు. అయితే పిడికెడు ముద్దను ముంచితే ఇది జరగదు. లోపలి సన్నని పగుళ్లలో గాలి ఉంటుంది, నీళ్లు చొరబడవు, అందుకే తెల్లగానే కనిపిస్తుంది. సిడరైట్ అంటుకున్న ముక్కదీ అదే పరిస్థితి.

చేయాల్సింది ఇదీ: 2-3 మిల్లీమీటర్ల తేట పలుకులు ఏరండి. గాజు గ్లాసులో మంచినీళ్లు పోసి వాటిని వేయండి. బుడగలు పోయేదాకా పుల్లతో కదపండి. అదే గ్లాసులో ఒక పలుగురాయి పలుకు (1.54), ఒక ఫ్లోరైట్ పలుకు (1.434) కూడా వేసి పక్కపక్కన పోల్చండి. ఉప్పునీళ్లు వద్దు, ఉప్పు కలిస్తే నీటి గుణకం పెరుగుతుంది.

పలుకు మాయమైనా పని పూర్తి కాలేదు. క్రయోలితియోనైట్ (1.34), కియోలైట్ (1.342-1.349) అనే వేరే ఫ్లోరైడ్ ఖనిజాలు కూడా దాదాపు అలాగే మాయమవుతాయి. విలియోమైట్ (1.327) కూడా అంతే, కాకపోతే అది నీళ్లలో కరుగుతుంది, తరచూ ఎర్రగా ఉంటుంది. అది విషం, నాలుకతో రుచి చూడొద్దు. అసలు తెలియని ఏ ఫ్లోరైడ్ ఖనిజాన్నీ నాకి చూడకండి.

అపోహ: ఉప్పులా ఘనాకారంగా విరుగుతుంది, కాబట్టి స్ఫటికం ఘనాకారమే.

క్రయోలైట్ స్ఫటికం మోనోక్లినిక్, అంటే దాని అక్షాల్లో ఒక జత లంబకోణంలో కాకుండా కాస్త ఏటవాలుగా కలుస్తుంది. కోణాలు 90 డిగ్రీలకు చాలా దగ్గరగా ఉండడం వల్ల ఘనంలా అనిపిస్తుంది. అసలైన విదళనం (నున్నటి తలాల వెంట చీలే గుణం) దీనికి లేదు. ఫ్లోరైట్ నాలుగు దిశల్లో నున్నగా చీలుతుంది, కాల్సైట్ ఏటవాలు పలకలుగా చీలుతుంది. ఆ తేడా భూతద్దంలో వెంటనే తెలుస్తుంది.

అపోహ: నాణెంతో గీస్తే చాలు.

ఇప్పటి రూపాయి, రెండు రూపాయల నాణేలు స్టెయిన్‌లెస్ స్టీలువి. వాటితో ఫ్లోరైట్ కూడా గీసుకుపోతుంది. రాగి ముక్క వాడండి: క్రయోలైట్ (1 నుంచి 10 దాకా ఉండే మోస్ కొలతలో కాఠిన్యం 2.5) మీద గీత పడుతుంది, ఫ్లోరైట్ (4) మీద పడదు. ఇక కాల్సైట్ సంగతికొస్తే, పలచని హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఒక చుక్క చాలు. కాల్సైట్ నురగలు కక్కుతుంది, క్రయోలైట్ కక్కదు.

అపోహ: చేతిలో బరువు చూసి చెప్పేయొచ్చు.

మంగంపేట ముగ్గురాయి (బెరైటీస్, సాంద్రత 4.5 దాకా) అయితే చేతికి తెలుస్తుంది. క్రయోలైట్ (2.97), కాల్సైట్ (2.71), ఫ్లోరైట్ (3.18) మధ్య తేడాను చెయ్యి పసిగట్టలేదు. ముక్కను దారంతో కట్టి స్ప్రింగ్ త్రాసుకు వేలాడదీసి ఒకసారి గాలిలో, ఒకసారి నీళ్లలో తూచండి. గాలిలోని బరువును రెండింటి తేడాతో భాగించండి, వచ్చేదే సాంద్రత. 120 గ్రాముల క్రయోలైట్ నీళ్లలో సుమారు 79.6 గ్రాములు తూగుతుంది. సిడరైట్ అంటుకుని ఉంటే లెక్క ఎక్కువ చూపుతుంది, పలుగురాయి అంటినా, బుడగలు పట్టినా తక్కువ చూపుతుంది.

అపోహ: మంటలో పసుపు రంగు వస్తే రుజువైనట్టే.

వేలి చెమట అంటినా మంట పసుపవుతుంది. చూడాల్సింది కరగడాన్ని: బియ్యపు గింజంత ముక్కను పట్టకారుతో బ్యుటేన్ మంటలో పెడితే క్రయోలైట్ తేలిగ్గా కరిగి పూసవుతుంది, పలుగురాయి కరగదు. ఫ్లోరైట్ అయితే చిటపటమని పేలుతుంది, కళ్లద్దాలు తప్పనిసరి. ఆరుబయటే చేయండి, ఆవిరి పీల్చకండి. గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లంతో మాత్రం ఎప్పుడూ పరీక్షించకండి, హైడ్రోజన్ ఫ్లోరైడ్ పుడుతుంది.

అపోహ: ఫ్లోరైడ్ నీళ్లున్న నల్లగొండలో క్రయోలైట్ ఉండాలి.

అక్కడి ఫ్లోరైడ్ గ్రానైట్‌లోని ఫ్లోరైట్, అపటైట్, బయోటైట్ రేణువుల నుంచి నీళ్లలోకి దిగుతుంది. దానికి క్రయోలైట్ అక్కర్లేదు.

ఇన్ని పరీక్షలూ నెగ్గినా చీటీ మీద ‘క్రయోలైట్ కావచ్చు’ అనే రాయండి. కియోలైట్, క్రయోలితియోనైట్‌లను తేల్చడానికి శుభ్రమైన చిన్న పలుకును, తీసిన చోటు వివరంతో సహా, ఎక్స్‌రే డిఫ్రాక్షన్ (ఎక్స్‌రేలతో స్ఫటిక నిర్మాణాన్ని గుర్తించే పరీక్ష) చేసే ప్రయోగశాలకు పంపండి.