జిన్‌పింగ్ తర్వాత ఎవరు? 1987 జనవరి నుంచి ఉన్న చిక్కు

2025 అక్టోబరులో, సైన్యాన్ని శాసించే కేంద్ర సైనిక కమిషన్ ఉపాధ్యక్షుడు హె వైడాంగ్‌తో పాటు మొత్తం తొమ్మిది మంది సైనికాధికారులను చైనా కమ్యూనిస్టు పార్టీ బహిష్కరించింది. దాంతో పాత ప్రశ్న మళ్లీ లేచింది: షీ జిన్‌పింగ్ 2027 పార్టీ మహాసభలో పదవి నుంచి తప్పుకుంటారా, తప్పుకుంటే ఎవరొస్తారు? 2022 సెప్టెంబరులో ఆయన్ని గృహనిర్బంధంలో పెట్టేశారన్న పుకారు మన దేశంలోనే ట్విట్టర్‌లో ట్రెండ్ అయింది, చాలామంది నిజమనుకున్నారు. తర్వాతి నెలలో ఆయన మూడోసారి పార్టీ ప్రధాన కార్యదర్శి అయ్యారు. అలాంటి పుకారు అంత తేలిగ్గా నమ్మబుద్ధి కావడానికి కారణం ఉంది. ఆ కుర్చీ చేతులు మారే పద్ధతి కాగితం మీద ఒకలా, నిజంలో ఇంకోలా ఉంటుంది.

ఈ మాట వచ్చినప్పుడల్లా అందరూ 2018 మార్చి 11నే చూపిస్తారు. దేశాధ్యక్షుడికి వరుసగా రెండు పదవీకాలాలే అన్న పరిమితిని ఆ రోజు రాజ్యాంగంలోంచి తీసేశారు. అనుకూలంగా 2,958 ఓట్లు, వ్యతిరేకంగా రెండే. కానీ ఆ పరిమితి మొదటి నుంచీ దేశాధ్యక్ష పదవికే ఉంది. అసలు అధికారం ఉండే పార్టీ ప్రధాన కార్యదర్శి పదవికీ, సైనిక కమిషన్ చైర్మన్ పదవికీ అది ఎప్పుడూ లేదు. మూడు పదవులనూ ఒకే తీరుకు తేవడానికే ఈ మార్పు, జీవితకాలం ఉండిపోవడానికి కాదు అని పార్టీ పత్రిక అప్పట్లో వివరణ ఇచ్చుకుంది.

నా లెక్కలో అంతా తేలిపోయింది 1987 జనవరిలోనే.

అంతకు ముందు, మావో తర్వాత చైనా పగ్గాలు పట్టిన డెంగ్ జియావోపింగ్ మాటలు వింటే ఎవరికైనా ఆశ పుట్టేది. అధికారం ఒక్కరి చేతిలో పోగుపడకూడదని, నాయకులు చచ్చేదాకా కుర్చీలో కూర్చోకూడదని 1980 ఆగస్టు 18న పొలిట్‌బ్యూరో ముందు ఆయనే చెప్పారు. 1982లో ఆ రెండు పదవీకాలాల నియమం రాజ్యాంగంలోకి ఎక్కింది, పెద్దవాళ్లు గౌరవంగా పక్కకు తప్పుకోవడానికి కేంద్ర సలహా కమిషన్ అని ఒకటి పెట్టారు. ప్రధాన కార్యదర్శిని ఎన్నుకునేది కేంద్ర కమిటీయే అని పార్టీ నిబంధనావళిలోనూ స్పష్టంగా రాసుకున్నారు.

నాలుగేళ్లు తిరిగేసరికి, 1986 డిసెంబరులో, హెఫెయ్ నగరంలో విద్యార్థులు వీధుల్లోకి వచ్చారు, అది షాంఘైకి, బీజింగ్‌కి పాకింది. అప్పటి ప్రధాన కార్యదర్శి హు యావోబాంగ్ మెతకగా ఉన్నాడని పెద్దలు మండిపడ్డారు. తర్వాత జరిగింది అప్పటి ప్రధాని జావో జియాంగ్ చెప్పాడు. 1989లో పదవి పోయి, 2005లో చనిపోయేదాకా ఇంట్లోనే బందీగా ఉన్న ఆయన రహస్యంగా దాదాపు 30 టేపుల్లో రికార్డు చేసి దాచిన మాటలివి, 2009లో గానీ బయటికి రాలేదు. ఆయన ప్రకారం జనవరి 4న డెంగ్ కొద్దిమందిని తన ఇంటికి పిలిచి హు రాజీనామా లేఖ చేతికిచ్చాడు, ఎవరూ అడ్డు చెప్పలేదు. దేశాన్ని నడిపే పార్టీకి అధినేత ఉండాలా పోవాలా అన్నది ఒక ఇంటి హాల్లో తేలిపోయింది! 10 నుంచి 15 దాకా ‘పార్టీ జీవన సమావేశం’ పేరుతో హును కూర్చోబెట్టి విమర్శించారు, దాన్ని నడిపింది సలహా కమిషన్ ఉపాధ్యక్షుడు బో యీబో. 16న విస్తృత పొలిట్‌బ్యూరో రాజీనామాను ఆమోదించి జావోను తాత్కాలికంగా ఆ కుర్చీలో పెట్టింది. ఆ గదిలోనూ సలహా కమిషన్ పెద్దలు ఉన్నారు. ఎన్నుకునే హక్కున్న కేంద్ర కమిటీకి ఈ నిర్ణయం అక్టోబరులో, అంటే తొమ్మిది నెలల తర్వాత, ముద్ర కోసం వచ్చింది. అధికారిక ప్రకటన మాత్రం హు ఆత్మవిమర్శ చేసుకుని తనే తప్పుకున్నాడంది. ఆయన మీద మోపిన తప్పు ఏమిటంటే, సమష్టి నాయకత్వ సూత్రాన్ని ఉల్లంఘించడం.

అదే అక్టోబరులో డెంగ్ పార్టీలో అన్నిటికన్నా పై సంఘమైన పొలిట్‌బ్యూరో స్థాయీ సంఘం నుంచి తప్పుకున్నాడు, సైనిక కమిషన్ మాత్రం వదల్లేదు, ఆయన కోసం పార్టీ నిబంధన కూడా మార్చారు. పెద్ద విషయాల్లో ఇప్పటికీ డెంగ్ మాటే ఆఖరిది అని 1989 మే 16న గోర్బచేవ్‌తో జావో అన్నాడు. అప్పటికి హు చనిపోయి నెల రోజులు, ఆయనకు నివాళిగా వచ్చిన విద్యార్థులు తియనాన్మెన్‌లోనే ఉన్నారు.

సైన్యం వాళ్ల మీద విరుచుకుపడిన జూన్ 4 గురించి నేను మళ్లీ చెప్పక్కర్లేదు. అప్పుడు ప్రధాన కార్యదర్శిగా వచ్చిన జియాంగ్ జెమిన్ 2002లో పార్టీ పదవి వదిలినా సైన్యాన్ని 2004 దాకా అట్టిపెట్టుకున్నాడు. మొత్తం ఒకేసారి అప్పగించి వెళ్లినవాడు ఆయన తర్వాత వచ్చిన హు జింటావో, 2012–13లో. దాన్ని చూసి పద్ధతి కుదిరిందని చాలామంది నమ్మారు. 68 ఏళ్లొస్తే స్థాయీ సంఘంలో ఉండకూడదనే ఆనవాయితీని కూడా చూపించేవారు, కానీ దాన్ని ఎక్కడా రాసిపెట్టలేదు. 2022లో 67 ఏళ్ల ప్రధాని లీ కెచియాంగ్ ఆ సంఘం నుంచి వెళ్లిపోయారు, 69 ఏళ్ల షీ ఉండిపోయారు. 2027కి ఆయనకు 74. ఇప్పుడున్న ఏడుగురి సంఘంలో వారసుడని చూపించదగ్గ మనిషి లేడు.

2015 నవంబరు 20న హు యావోబాంగ్ శతజయంతి సభ బీజింగ్‌లో జరిగింది, షీ స్వయంగా వచ్చి ఆయన నిజాయితీని, సాదాసీదా బతుకును మెచ్చుకున్నారు. 1987 జనవరిలో ఆ మనిషిని ఎలా దించారన్నది ఆ ప్రసంగంలో లేదు.