టేపు చెప్పే లెక్క

విశాఖ ఆర్కే బీచ్ రోడ్డులో తెల్లవారుజామున బళ్లు తిరగనివ్వరు. కాళీమాత గుడి దగ్గర నిలబడి నడిచేవాళ్లను చూడండి. కాళ్లూ చేతులూ సన్నగా, పొట్ట మాత్రం చొక్కా గుండీలు లాగేస్తూ ఉన్నవాళ్లు ఎందరో. "డెబ్బై కేజీలే కదా, నాకేం" అనేది వాళ్లే. నా దిగులూ వాళ్ల గురించే.

2004లో పుణె వైద్యుడు చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్ వైద్యుడు జాన్ యుడ్కిన్ తమ ఇద్దరి ఒంటి లెక్కలు లాన్సెట్ అనే వైద్య పత్రికలో పెట్టారు. ఇద్దరి బీఎంఐ, అంటే ఎత్తుతో పోల్చి చూసే బరువు లెక్క, 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2. ఇలాంటి తేడాల వల్లే మనకు బీఎంఐ 23 నుంచే అధిక బరువు, 25 నుంచి ఊబకాయం అంటారు. ఇంట్లో అయితే దర్జీ టేపు చాలు. ఊపిరి వదిలి నడుము కొలిస్తే మగవాళ్లకు 90, ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు దాటకూడదు.

చర్మం కింది కొవ్వు గాదెలో ధాన్యం లాంటిది. గాదె నిండాక మిగిలింది పేగుల చుట్టూ, కాలేయంలో చేరుతుంది. దాంతో కాలేయం ఇన్సులిన్ మాట వినదు, అక్కర్లేకపోయినా రక్తంలోకి చక్కెర వదులుతూనే ఉంటుంది. క్లోమం ఇన్సులిన్ చేసీ చేసీ అలసిపోతుంది. షుగర్ బయటపడేసరికి ఇదంతా ఏళ్లుగా సాగుతూ ఉంటుంది. బీపీ, గుండెజబ్బు, నిద్రలో ఊపిరి ఆగి ఆగి రావడం కూడా దీని వెంటే.

నడక గుండెకు మంచిదే. కానీ గంట గబగబా నడిస్తే ఖర్చయ్యేది సుమారు 250 నుంచి 300 కేలరీలు. తిరిగొస్తూ మూడు పూరీలు తింటే అవి మళ్లీ వచ్చేసినట్టే. బరువు తగ్గేది ముఖ్యంగా కంచం దగ్గర. అన్నం మానక్కర్లేదు. సగం తగ్గించి, ఆ చోట పప్పు, గుడ్డు, కూర, చేపల పులుసు పెట్టుకోండి. ఈ ఊళ్లో చేపకు కరువా? లిఫ్టు వదిలి మెట్లెక్కండి, తిన్న చక్కెరను ఎక్కువగా వాడుకునేది కండే.

తగ్గిన బరువు మళ్లీ పెరిగితే "నోరు కట్టుకోలేవా" అనకండి, అది అన్యాయం. కొవ్వు తగ్గగానే ఆకలిని అదుపులో ఉంచే లెప్టిన్ అనే హార్మోన్ పడిపోతుంది, ఆకలి పెరుగుతుంది, ఒళ్లు ఖర్చు తగ్గించుకుంటుంది. ఆ మనిషి పోరాడుతున్నది తన ఒంటితోనే. 80 కేజీల మనిషి నాలుగు కేజీలు తగ్గి నిలబెట్టుకున్నా షుగర్, బీపీ మెరుగుపడతాయి. ఇక మోకాళ్లంటారా, ఒక్క కేజీ తగ్గితే వేసే ప్రతి అడుగుకీ వాటి మీద నాలుగు కేజీల భారం తగ్గుతుంది.