లక్షల కంప్యూటర్లు, ఒకే డేటాబేస్

2015 సెప్టెంబరు 17న అమెరికాలోని మిసోరీ రాష్ట్రంలో ఒక విశ్వవిద్యాలయపు కంప్యూటర్, స్వచ్ఛందుల కంప్యూటర్లతో సాగే ప్రధాన సంఖ్యల వేటలో తనకు అప్పగించిన లెక్క పూర్తిచేసి, ఆ పనులు పంచే సర్వర్‌కు ఫలితాన్ని పంపింది. 7,42,07,281 రెళ్లను వరసగా గుణించి, వచ్చినదాంట్లోంచి ఒకటి తీసేస్తే మిగిలేది ప్రధాన సంఖ్యేనని ఆ ఫలితం చెబుతోంది. 2,23,38,618 అంకెలున్న ఆ సంఖ్య అప్పటికి మనిషికి తెలిసిన ప్రధాన సంఖ్యలన్నిటిలోకీ పెద్దది. సర్వర్ దాన్ని భద్రంగా నమోదు చేసుకుంది. నిర్వాహకులకు వెళ్లవలసిన ఈమెయిల్ మాత్రం వెళ్లలేదు. 2016 జనవరి 7న ఒక మనిషి కంటపడేదాకా, దాదాపు నాలుగు నెలలపాటు, ఆ ప్రపంచ రికార్డు సర్వర్ పట్టికల్లో, అంటే డేటాబేస్‌లో, ఒక వరసగా పడి ఉంది.

అంతకుముందు 2002లోనూ ఇలాగే జరిగింది. డిస్ట్రిబ్యూటెడ్ డాట్ నెట్ అనే స్వచ్ఛంద బృందం ఆర్‌ఎస్‌ఏ అనే గూఢలిపి సంస్థ విసిరిన సవాలును స్వీకరించి, 64 బిట్ల (ఒకట్లు, సున్నాలు కలిసి 64 అంకెల) రహస్య తాళంచెవిని వెదికే పనిలో ఉండేది. 3,31,252 మంది తమ కంప్యూటర్లను ఈ పనికి ఇచ్చారు. 1,757 రోజుల వెదుకులాట తర్వాత జులై 14న టోక్యోలోని ఒక పెంటియం-3 యంత్రం సరైన తాళంచెవిని పట్టి పంపింది. అటువైపు ఫలితాలను పరిశీలించే ప్రోగ్రాం చెడిపోయి ఉంది. విషయం ఆగస్టు 12న గాని బయటపడలేదు.

ఈ రెండు చోట్లా ఇళ్లలోని, కళాశాలల్లోని యంత్రాలు తమ పని తాము చేశాయి. చెడింది నడుమ ఉన్న ఒక చిన్న ప్రోగ్రాం. స్వచ్ఛంద కంప్యూటింగ్, అంటే జనం తమ కంప్యూటర్ల ఖాళీ సమయాన్ని పరిశోధనకు ఇవ్వడం, గురించి రాసేటప్పుడు ఎంతమంది చేరారు, సెకనుకు ఎన్ని లెక్కలు అన్నదే ఎక్కువగా చెబుతారు. ఈ రంగం పాతికేళ్లకు పైగా నడిచిన తీరు చూస్తే, యంత్రాల కొరత దాన్ని ఆపిన సందర్భాలు చాలా తక్కువ. ఆపినవి నడుమ ఉన్న సర్వర్లు, వాటిని కట్టిన రోజుల్లో చేసుకున్న అంచనాలు.

ఆ అంచనాలు తెలివితక్కువవి కావు. సెటీ ఎట్ హోమ్‌నే తీసుకోండి. భూమికి ఆవల ఎవరైనా రేడియో సంకేతాలు పంపుతున్నారేమో వెదకడానికి కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, బర్కిలీ శాస్త్రవేత్తలు 1999 మే 17న దీన్ని మొదలుపెట్టారు. పోర్టోరికోలోని అరెసిబో రేడియో టెలిస్కోపు విన్నదాంట్లో ఒక భాగం టేపుల మీదకెక్కి బర్కిలీకి తపాలాలో చేరేది. అక్కడ దాన్ని పౌనఃపున్యం ప్రకారం 256 పట్టీలుగా చీల్చి, ఒక్కో పట్టీలో 107 సెకన్ల నిడివిని ఒక వర్క్ యూనిట్‌గా కత్తిరించేవారు. ఒక్కోటి మెగాబైటులో మూడో వంతు. ఆనాటి టెలిఫోను మోడెంతో కూడా నిమిషాల్లో దిగేది. దాని మీద చేయవలసిన లెక్క మాత్రం బోలెడు. భూమి తిరుగుతుంది, సంకేతం పంపే గ్రహమూ తిరుగుతుంది కనుక సంకేతపు పౌనఃపున్యం జారిపోతూ ఉంటుంది. ఎంత వేగంతో జారుతోందో తెలియదు కాబట్టి వేలకొద్దీ వేగాలను ఊహించుకుని, ప్రతి ఊహకూ లెక్క మళ్లీ మొదటి నుంచి చేయాలి. ఇంటి కంప్యూటర్‌కు గంటల తరబడి పని, పాత యంత్రమైతే రోజుల తరబడి. పైగా ఒక ముక్కకు మరో ముక్కతో సంబంధం లేదు. పంపవలసింది కొంచెం, చేయవలసింది కొండంత. ఈ నిష్పత్తిని పట్టుకోవడంలోనే వాళ్ల ప్రతిభ ఉంది. వేలల్లో వస్తారనుకుంటే లక్షల్లో వచ్చారు. ఆ తర్వాతి సంవత్సరాల్లో మొత్తం 50 లక్షలకు పైగా మంది చేరారు.

ఆ తొలి ప్రోగ్రాం మొత్తం ఒకే ముద్ద. సర్వర్‌తో మాట్లాడేది, లెక్క చేసేది, తెరమీద రంగురంగుల గ్రాఫు గీసేది అంతా అందులోనే. లెక్క పద్ధతిని కొంచెం మెరుగుపరచాలన్నా లోకంలోని వాడకందార్లందరూ కొత్త ప్రోగ్రాం దింపుకోవలసిందే. ఎవరు ఎన్ని యూనిట్లు పూర్తిచేశారో పట్టికలో కనిపించేది గనక, లెక్క చేయకుండానే చేసినట్టు పంపినవారూ తయారయ్యారు. ఈ ఇబ్బందులకు జవాబుగా సెటీ బృందంలోని డేవిడ్ ఆండర్సన్ 2002లో బోయింక్ అనే వేదికను కట్టడం మొదలుపెట్టాడు. రవాణా వేరు, లెక్క వేరు. ఏ శాస్త్రవేత్త అయినా తన ప్రోగ్రాంను దాని మీద పెట్టుకోవచ్చు. 2005 డిసెంబరు నాటికి సెటీ పూర్తిగా దీని మీదకు మారింది. వాతావరణ నమూనాలను, ప్రొటీన్లను లెక్కించే ప్రాజెక్టులు, పల్సార్లను (క్రమం తప్పక రేడియో మెరుపులు పంపే నక్షత్రాలను) వెదికే ప్రాజెక్టులు కూడా దీని మీదే వెలిశాయి.

నమ్మకం సమస్యకు బోయింక్ ఎంచుకున్న మార్గం సూటిగా ఉంటుంది: ఒకే పనిని ఒకరికొకరు తెలియని ఇద్దరికి ఇచ్చి, జవాబులు పోల్చడం. ఇందులో ఒక చిక్కుంది. దశాంశ సంఖ్యలను వేర్వేరు ప్రాసెసర్లు, వేర్వేరు ఆపరేటింగ్ సిస్టమ్‌లు చివరి అంకెల దగ్గర వేర్వేరుగా సవరిస్తాయి. వాతావరణ నమూనాలో ఆ చిన్న తేడా పెరిగి పెరిగి రెండు నిజాయితీ గల యంత్రాల చేత కూడా రెండు రకాల వాన కురిపించగలదు. అందుకే కొన్ని ప్రాజెక్టులు ఒక పని జంటను ఒకే రకం యంత్రాలకే ఇచ్చేవి. కొన్ని 'దాదాపు సమానం' అంటే ఎంతో తామే నిర్ణయించుకునేవి. ఏ మార్గం పట్టినా, దానంగా వచ్చిన శక్తిలో సగం సరిచూడటానికే పోయేది.

ఇక సర్వర్ సంగతి. బోయింక్‌లో ప్రతి పనికీ, దాని ప్రతి నకలుకూ డేటాబేస్‌లో ఒక వరస ఉంటుంది. పంపడానికి సిద్ధం, పంపాం, వచ్చింది, సరిపోలింది, శాస్త్రవేత్తల గిడ్డంగికి చేరింది, చెరిపేయవచ్చు అంటూ ఆ వరస ఒక్కో దశ దాటుతుంది. దశ దాటించే చిన్న చిన్న ప్రోగ్రాంలు అరడజను దాకా ఉంటాయి. వాటికి ఒకదానితో ఒకటి నేరుగా మాటల్లేవు. అన్నీ మైసీక్వెల్ అనే సాఫ్ట్‌వేర్‌తో నడిచే ఆ ఒకే డేటాబేస్‌ను చదివి, అందులోనే రాస్తాయి. ఒకటి ఆగిపోయినా మిగతావి సాగుతాయి, అది తిరిగి లేచాక ఆపిన చోటి నుంచి అందుకుంటుంది. చాలా అందమైన కూర్పు ఇది. ఇద్దరు ముగ్గురు ఉద్యోగులతో లక్షల యంత్రాలను నడిపించగలిగింది దీని వల్లనే. భారమంతా ఒకే చోట పడిందీ దీని వల్లనే.

ఒక్కో పనికి రోజంతా పట్టినన్నాళ్లు అది మోయగలిగిన భారమే. తర్వాత ఒకేసారి ఎన్నో లెక్కలు చేయగల గ్రాఫిక్స్ కార్డులు వచ్చాయి. గంటల పని నిమిషాల్లో ముగియసాగింది. అంటే అదే యంత్రం రోజుకు ఒకసారి తలుపు తట్టేది కాస్తా రోజుకు వందలసార్లు తట్టసాగింది. ప్రతి తట్టుకూ డేటాబేస్‌లో వరసలు పుట్టాలి, మారాలి, చెరగాలి. సెటీ వాళ్లు ప్రతి మంగళవారం పని ఆపి డేటాబేస్‌ను సర్ది, నకలు తీసుకునేవారు. తలుపులు తెరవగానే ఆకలితో ఉన్న యంత్రాలన్నీ ఒక్కసారే మీద పడేవి. ఒక్కో యంత్రం దగ్గర ఎన్ని పనులుండవచ్చో పరిమితి పెట్టవలసి వచ్చింది. ఆ పరిమితి వల్ల వేగవంతమైన యంత్రాలు మంగళవారం మధ్యాహ్నానికే పని అయిపోయి ఊరకే కూర్చునేవి. పనిని పెద్ద ముక్కలుగా కత్తిరిస్తే బాగుండేదని ఇప్పుడు అనిపిస్తుంది. కానీ ముక్క పరిమాణం సర్వర్లో, ప్రోగ్రాంలో, సంకేతాల పట్టికలో, అప్పటికే పూర్తయిన సంవత్సరాల ఫలితాల్లో అల్లుకుపోయి ఉంది. ఒక దారం లాగితే మొత్తం కదులుతుంది.

సెటీలో అంతకన్నా పెద్ద ఇరుకు మరొకటి ఉంది. స్వచ్ఛందులు చేసినది తొలి అంచె మాత్రమే. వాళ్లు సుమారు 1,200 కోట్ల సంకేతాలను ఏరి ఇచ్చారు. అందులో మన ఉపగ్రహాలు, రాడార్లు, టీవీ ప్రసారాల రొద తీసేసి, ఆకాశంలో ఒకే చోట వేర్వేరు కాలాల్లో మళ్లీ మళ్లీ వినిపించినవేవో పట్టాలి. ఈ రెండో అంచెను ఇళ్లకు పంచడం కుదరదు. ముక్కలన్నీ ఒకచోట చేరాలి. వందల కోట్ల వరసల్లోంచి ఆకాశంలోని ఒక్కో బిందువుకు సంబంధించినవి ఏరుకోవడం ఆ పాత డేటాబేస్ వల్ల కాలేదు. సంవత్సరాలు గడిచాయి. చివరకు డేటాను డేటాబేస్ నుంచి బయటకు తీసి, మామూలు ఫైళ్లుగా అమర్చి, జర్మనీలోని హానోవర్‌లో మాక్స్ ప్లాంక్ సంస్థకు చెందిన అట్లాస్ అనే కంప్యూటర్ల సముదాయం మీద లెక్క చేశారు. 2020 మార్చి 31న ఇళ్లకు పని పంపడం ఆపేశారు. ఆ ఏడాది డిసెంబరు 1న అరెసిబో టెలిస్కోపు కూలిపోయింది. 1,200 కోట్ల నుంచి వడపోసి వడపోసి మిగిల్చిన ఓ వంద సంకేతాలను ఇప్పుడు చైనాలోని ఫాస్ట్ అనే రేడియో టెలిస్కోపుతో మళ్లీ వింటున్నారు. తొలి అంచెకు దొరికినంత ఆదరణ రెండో అంచెకు మొదట్లోనే దొరికి ఉంటే, ఆ వంద చోట్లనూ అరెసిబోతోనే మళ్లీ వినే అవకాశం ఉండేది. ఇది నన్ను నిజంగా బాధించే విషయం.

2020 మార్చిలో కోవిడ్ వైరస్ ప్రొటీన్ల మీద పని మొదలుపెట్టిన ఫోల్డింగ్ ఎట్ హోమ్ అనే స్వచ్ఛంద ప్రాజెక్టుకూ ఇదే అనుభవం. జనం విరగబడి చేరారు. ఆ ప్రాజెక్టు సెకనుకు 1 పక్కన 18 సున్నాలు పెట్టినన్ని లెక్కల వేగాన్ని లోకంలో అందరికన్నా ముందు దాటింది. అదే సమయంలో చేరినవారిలో ఎందరికో పని దొరకలేదు. పనులు తయారుచేసి పంచే సర్వర్లు తట్టుకోలేకపోయాయి.

మరి మార్పు అసాధ్యమా? కాదని నేను గట్టిగా నమ్మడానికి కారణం, మొదట చెప్పిన ప్రధాన సంఖ్యల వేట. దాని పేరు గింప్స్. జార్జ్ వోల్ట్‌మన్ 1996లో మొదలుపెట్టాడు. అక్కడి లెక్కలో ఒక సంఖ్యను కోట్లసార్లు వర్గం చేస్తూ పోవాలి. నడుమ మెమరీలో ఒక్క బిట్ తారుమారైనా చివరి జవాబు చెత్త. అందుకే ఏళ్ల తరబడి ప్రతి సంఖ్యనూ రెండోసారి మరో యంత్రంతో పరీక్షించేవారు. 2017లో రాబర్ట్ గెర్బిచ్ ఒక ఉపాయం చూపాడు: పరీక్ష పద్ధతిని కొంచెం మార్చి, నడుమ నడుమ వచ్చే విలువలను విడిగా గుణించుకుంటూ పోతే ఆ లబ్ధాన్ని రెండు దారుల్లో రాబట్టవచ్చు. రెండూ కలవకపోతే ఎక్కడో తప్పింది. వెనక్కి, చివరిసారి కలిసిన చోటికి వెళ్లి అక్కడి నుంచి సాగితే చాలు. దీనికయ్యే అదనపు ఖర్చు బహు స్వల్పం. ఇక 2020లో, క్షిష్టోఫ్ పియెట్షాక్ అనే గూఢలిపి శాస్త్రవేత్త ఆలోచన ఆధారంగా, లెక్క చేసిన యంత్రమే తాను నిజంగా చేశానని రుజువు తయారుచేసి పంపే పద్ధతి వచ్చింది. ఆ రుజువును సరిచూడటానికి మొత్తం పనిలో నూటికి అర వంతు కూడా పట్టదు. కొత్త పరీక్షల్లో రెండోసారి చేయడమన్నదే పోయింది.

ఇక్కడ గమనించవలసిన సంగతి, ఆ రుజువు ఫైలు 100 మెగాబైట్లు దాటుతుంది. టెలిఫోను మోడెం కాలంలో ఇలాంటి ఆలోచన ఎవరూ చేసేవారు కాదు, చేసినా పనికొచ్చేది కాదు. నెట్ చవకైందని, లెక్కే ఖరీదైనదని గింప్స్ వాళ్లు గుర్తించి, తమ పునాది అంచనాను తిరగరాసుకున్నారు. 2024 అక్టోబరులో దొరికిన తాజా రికార్డు, 4,10,24,320 అంకెల సంఖ్య, డబ్లిన్‌లోని ఒక డేటా కేంద్రంలో ఉన్న గ్రాఫిక్స్ ప్రాసెసర్ పట్టింది. ఒక స్వచ్ఛందుడు 17 దేశాల్లో అద్దెకు తీసుకున్న యంత్రాల్లో అదొకటి.

అంటే ఇంటి కంప్యూటర్‌లోని 'ఖాళీ సమయం' అన్న మూల భావనే వయసు మీరింది. 1999 నాటి డెస్క్‌టాప్ ఊరకే ఉన్నా, పనిచేస్తున్నా కరెంటు వాడకంలో ఈనాటంత తేడా ఉండేది కాదు. ఎలాగూ వృథా అయ్యేదే కదా, సైన్సుకిద్దాం అన్న మాట అప్పట్లో నిజం. ఈనాటి ప్రాసెసర్ పని లేకపోతే దాదాపు నిద్రపోతుంది. దాన్ని లేపి పనిచేయిస్తే ఆ ఖర్చు యజమానిదే. అదనంగా 100 వాట్లు వాడే యంత్రాన్ని రాత్రింబవళ్లు నడిపితే నెలకు 72 యూనిట్లు. ఆంధ్రప్రదేశ్‌లోనో తెలంగాణలోనో ఇది ఒక ఇంటి బిల్లును పై స్లాబుకు నెట్టగలదు. మే నెలలో ఆ వేడిని గదిలోంచి తోలడానికి అయ్యే ఖర్చు వేరే. ఇది విరాళమే, మంచి విరాళమే. కాకపోతే విరాళమని చెప్పి అడగాలి, అంత విలువగా వాడాలి.

ఫోన్ల కోసం 2013లో వచ్చిన బోయింక్ ఈ విషయంలో కొంత వివేకం చూపింది. ఛార్జింగ్‌లో ఉండి, బ్యాటరీ బాగా నిండితేనే పనిచేసేలా, వైఫై అందితేనే ఫైళ్లు పంపుకునేలా దాన్ని అమర్చారు. ఇప్పుడు ఎవరైనా చేరాలనుకుంటే నేను చేరమనే చెబుతాను. అయితే ప్రాజెక్టు ఎంత పెద్దదన్నది పక్కనపెట్టి రెండు సంగతులు అడగండి. నా యంత్రం పంపిన ఫలితాన్ని తర్వాత ఎవరు, ఎక్కడ, ఎప్పటిలోగా పరిశీలిస్తారు? గత పనుల నుంచి పరిశోధన పత్రాలు వెలువడ్డాయా? పల్సార్లను వెదికే ఐన్‌స్టైన్ ఎట్ హోమ్ ప్రాజెక్టు 2010లో స్వచ్ఛందుల కంప్యూటర్లలో దొరికిన పల్సార్‌ను ప్రకటించి, ఆ యంత్రాల యజమానులెవరో కూడా చెప్పింది. ఈ రెండు ప్రశ్నలకూ అక్కడ జవాబు దొరుకుతుంది.