‘చారిటీ కోసమే కదా సార్!’ బీచ్ రోడ్డు రేసుల మీద అపోహలు, వాస్తవాలు

చలికాలం మొదలైతే చాలు, విశాఖ వాట్సాప్ గ్రూపుల్లో ఒక పోస్టర్ తిరగడం మొదలుపెడుతుంది. వెనకాల కైలాసగిరి, ముందు ఎర్ర కారు, పైన ‘చారిటీ స్ట్రీట్ రేస్’ అని పెద్ద అక్షరాలు, కింద ఎంట్రీ ఫీజు. అనాథ పిల్లల కోసమనో, క్యాన్సర్ రోగుల కోసమనో ఒక లైను. 2023లో హైదరాబాద్‌లో ఎలక్ట్రిక్ కార్ల రేసు ఫార్ములా ఈ, 2024లో చెన్నైలో రాత్రి రేసు జరిగాక ఈ పోస్టర్ల జోరు ఇంకా పెరిగింది. చాలావరకు పుకార్లే. కొన్ని మాత్రం నిజంగానే నలుగురు కుర్రాళ్లు కలిసి పెట్టుకునేవి. నా భయమంతా వాటి గురించే.

నేను మోటార్ ఇన్సూరెన్స్ సర్వేయర్‌ని. దెబ్బతిన్న బండిని చూసి, నష్టం ఎంతో, ఎలా జరిగిందో రిపోర్టు రాయడం నా పని. ఇష్టం కొద్దీ రేసుల్లో మార్షల్‌గా, అంటే ట్రాక్ పక్కన భద్రత చూసే మనిషిగా కూడా నిలబడతాను. ఈ రెండు పనుల వల్ల ఒకే మాట పదేపదే వినాల్సి వస్తోంది: “అది రేసు కాదు సార్, చారిటీ.”

అపోహ: మంచి పని కోసం పెట్టిన ఈవెంట్ కాబట్టి నా కారుకున్న ఫుల్ ఇన్సూరెన్స్ వర్తిస్తుంది.

వాస్తవం: వర్తించదు. మీ పాలసీ కాగితం తీసి, బండిని ఏ పనికి వాడకూడదో చెప్పే పేరా చదవండి. అద్దెకు తిప్పడం, సరుకు రవాణాతో పాటు ఆర్గనైజ్డ్ రేసింగ్, పేస్ మేకింగ్, స్పీడ్ టెస్టింగ్, రిలయబిలిటీ ట్రయల్స్ అని వరసగా ఉంటాయి. డబ్బు ఎవరికి వెళ్తుందన్న ప్రస్తావన అందులో ఎక్కడా లేదు. పందెం కట్టారా, కప్పు ఇచ్చారా, ఆశ్రమానికి చెక్కు ఇచ్చారా అని పాలసీ అడగదు. బండిని అలాంటి పోటీకి వాడారా లేదా, అంతే. జీరో డెప్, బంపర్ టు బంపర్ అని ఎక్కువ ప్రీమియం కట్టినా ఆ పేరా చెరిగిపోదు. జీరో డెప్ ఉంటే పార్టుల ధరలో తరుగుదల కోయరు, అంతవరకే దాని పని.

గాజువాకలో ఒక పెద్దాయన ఉన్నారు. స్టీల్ ప్లాంటులో రిటైరయ్యాక చేతికొచ్చిన దాంట్లో కొంత, లోన్ కొంత పెట్టి కారు కొన్నారు. కొడుకూ అతని స్నేహితులూ కలిసి ఒక ఆశ్రమానికి బియ్యం, దుప్పట్లు ఇద్దామని ‘చారిటీ రన్’ పెట్టుకున్నారు. ఉద్దేశం మంచిదే, దుప్పట్లు నిజంగానే ఇచ్చారు కూడా. కాకపోతే తెల్లవారకముందే రుషికొండ దాటాక, రోడ్డు ఖాళీగా ఉంది కదా అని రెండేసి కార్లు పక్కపక్కన పెట్టి, ఫోన్‌లో టైమ్ చూసుకుంటూ వదిలారు. ఈయన కారు మలుపులో డివైడర్ ఎక్కింది. పిల్లాడికి మణికట్టు విరిగింది, అంతకు మించి ఏమీ కాలేదు. కారు ముందు భాగం మాత్రం పూర్తిగా లోపలికి పోయింది.

క్లెయిమ్ ఫారంలో ‘కుక్క అడ్డొచ్చింది’ అని రాశారు. నాకు వచ్చే ఫారాల్ని బట్టి చూస్తే మన ఊళ్లో ప్రతి డివైడర్ దగ్గరా ఒక కుక్క డ్యూటీలో ఉండాలి. ఇక్కడ మాత్రం స్నేహితుడొకడు తీసిన రీల్ అప్పటికే గాజువాకంతా చూసేసింది. కౌంట్‌డౌన్, అరుపులు, పైన రంగురంగుల అక్షరాల్లో ‘చారిటీ రేస్’. అది లేకపోయినా టైరు గుర్తులు చాలు. కుక్క కోసం బ్రేకు వేసిన బండి గుర్తులు వేరు, మలుపులో పట్టు తప్పి పక్కకు జారిన బండి గుర్తులు వేరు.

పెద్దాయన నన్ను పక్కకు పిలిచారు. “బాబూ, రేసంటే పందెం కట్టేది కదా. వీళ్లు పైసా పందెం కట్టలేదు, పైగా దానం చేశారు. ఆ ముక్క కాస్త రాయండి” అన్నారు. ఆ మాటలో ఆయన అబద్ధమేమీ ఆడలేదు, నిజంగానే అలా నమ్మారు. రీల్ చూసి కోపం తెచ్చుకున్న నాకు ఆయన్ని చూశాక నోట మాట రాలేదు. చూసింది చూసినట్టు రాశాను. క్లెయిమ్ రాలేదు. ఈఎంఐ మాత్రం ప్రతి నెలా ఆయన పెన్షన్ ఖాతాలోంచి పోతూనే ఉంది.

ఇందులో జనానికి తెలియని ఇంకో పెద్ద ప్రమాదం ఉంది. సొంత కారు పోతే కారుతో పోతుంది. అదే డివైడర్ అవతల మనిషి ఉంటే? తెల్లవారుజామున బీచ్ రోడ్డు ఖాళీ అనుకునేవాడికి ఆ రోడ్డు తెలియదని అర్థం. వాకర్లుంటారు, సైకిళ్లవాళ్లుంటారు, చేపల బుట్టలు దించుకుని ఆటో కోసం నిలబడ్డ ఆడవాళ్లుంటారు. థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ ఎటూ ఉంటుందని ధీమాగా ఉంటారు చాలామంది. మోటారు వాహనాల చట్టం 150వ సెక్షన్ చదివితే ఆ ధీమా ఉండదు. ఆర్గనైజ్డ్ రేసింగ్, స్పీడ్ టెస్టింగ్‌కు బండి వాడారని రుజువైతే పరిహారం కట్టే బాధ్యత తనది కాదని ఇన్సూరెన్స్ కంపెనీ వాదించుకునే హక్కు అందులో ఉంది. ట్రిబ్యునల్ బాధితుడి మీద జాలితో ముందు కంపెనీ చేత కట్టించినా, తర్వాత ఆ మొత్తం యజమాని దగ్గర రాబట్టుకోమని చెప్పొచ్చు. ఆర్సీ మీద పేరు ఎవరిది? నాన్నది. అంటే ఇరవై రెండేళ్ల కుర్రాడి రీల్‌కు అరవై రెండేళ్ల మనిషి ఇల్లు పూచీ.

నడిపింది మైనర్ అయితే 199ఏ సెక్షన్ కూడా వచ్చి పడుతుంది. సంరక్షకుడికి లేదా బండి యజమానికి మూడేళ్ల వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా, పన్నెండు నెలల పాటు రిజిస్ట్రేషన్ రద్దు. “మావాడు ఇంటరే అయినా కారు భలే నడుపుతాడండీ” అని మురిసిపోయే తండ్రులు ఇది ఒకసారి చదవాలి.

“మరి నిర్వాహకులు ఇన్సూరెన్స్ ఉందన్నారు కదా?” అని అడుగుతారు. ఉండొచ్చు. సరైన ఈవెంట్‌కు ఉంటుంది కూడా. కానీ అది సాధారణంగా ప్రేక్షకులకో, ఇతరుల ఆస్తికో నష్టం జరిగితే కట్టే పబ్లిక్ లయబిలిటీ పాలసీ, దాంతోపాటు పోటీదారులకు, అధికారులకు వ్యక్తిగత ప్రమాద బీమా. మీ కారు బంపర్ అందులో ఉండదు. స్టార్టింగ్ లైన్ దాటాక కారుకు ఏమైనా ఖర్చు మీదే అని మీ చేత సంతకం పెట్టించుకునే కాగితం కూడా ఒకటుంటుంది. సెల్ఫీ హడావిడిలో దాన్ని చదవకుండానే సంతకం పెట్టేస్తారు.

వేగంతో పని లేని టీఎస్‌డీ ర్యాలీ, అంటే ఇచ్చిన సగటు వేగంతో ఇచ్చిన సమయానికి చేరే పోటీ, అదైనా రిలయబిలిటీ ట్రయల్ కిందికే వస్తుంది. అలాంటి వాటికి ముందే మీ కంపెనీకి రాసి, అదనపు ప్రీమియం కట్టి, ఫలానా ర్యాలీ ఫలానా తేదీ అని ఎండార్స్‌మెంట్, అంటే పాలసీకి జత చేసే కాగితం, తీసుకునే దారి ఉంది. ఐఎంటీ 31 అని అడగండి. అది ర్యాలీ వరకే, రేసుకు పనికిరాదు. ఇక పోలీసు బండి ముందు నడుస్తుంటే అందరూ వరసలో నెమ్మదిగా వెళ్లే కార్ల ప్రదర్శన ఉందనుకోండి, అది మామూలుగా బండి నడపడమే. విరాళాలు పోగు చేయాలంటే ఆ పద్ధతి చాలు. ఆర్కే బీచ్‌లో సబ్‌మెరైన్ మ్యూజియం ముందు పాత అంబాసిడర్లు, ఫియట్లు నిలబెడితే చూడటానికి జనం తక్కువేం రారు.

అపోహ: పోలీసులు బందోబస్తు ఇచ్చారు, కాబట్టి అనుమతి ఉన్నట్టే.

వాస్తవం: బందోబస్తు వేరు, అనుమతి వేరు. పబ్లిక్ రోడ్డు మీద బండ్ల పోటీకి రాష్ట్ర ప్రభుత్వం నుంచి రాతపూర్వక అనుమతి కావాలని మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ చెబుతుంది. లేకపోతే పాల్గొన్నవాళ్లకే కాదు, పెట్టించినవాళ్లకూ మొదటిసారి మూడు నెలల వరకు జైలు, లేదా 5,000 వరకు జరిమానా, లేదా రెండూ. మళ్లీ దొరికితే ఏడాది వరకు. దీనికి తోడు దేశంలో మోటార్ స్పోర్ట్స్‌ను నడిపే ఎఫ్‌ఎంఎస్‌సీఐ పర్మిట్, పోటీదారుకు దాని లైసెన్సు ఉండాలి.

ఇదంతా కాగితాల తతంగం అనుకునేవాళ్లకు చెన్నై చూపిస్తాను. 2023 డిసెంబరులో జరగాల్సిన రేసు మిచాంగ్ తుపాను వల్ల వాయిదా పడి, 2024 ఆగస్టు 31కి వచ్చింది. ఐలాండ్ గ్రౌండ్స్ చుట్టూ మూడున్నర కిలోమీటర్ల ట్రాక్. ప్రభుత్వమే పూనుకుని పెట్టిన రేసు. అయినా ప్రపంచ మోటార్ స్పోర్ట్స్ సంస్థ ఎఫ్‌ఐఏ సర్టిఫికెట్ వస్తేనే కార్లు కదలాలని మద్రాసు హైకోర్టు గడువు పెట్టింది. వాన వల్ల తనిఖీ ఆలస్యమైతే గడువు పొడిగించింది తప్ప, తనిఖీ లేకుండా వదలలేదు. మధ్యాహ్నం మొదలవ్వాల్సినవి సాయంత్రం దాకా ఆగాయి. మాలాంటి మార్షల్స్‌కి అలా కూర్చోవడం అలవాటే. రేసులో ఎక్కువ భాగం ఎదురుచూడటమే, టీవీలో అది చూపించరు.

బ్రిటన్‌లో బర్మింగ్‌హామ్ నగరం తన వీధుల్లో రేసు పెట్టుకోవడానికి 1985లో పార్లమెంటులో ప్రత్యేక చట్టమే చేయించుకోవాల్సి వచ్చింది. 1986 నుంచి 1990 వరకు నడిపారు. చారిటీ రేసు అసలు జరగదా అంటే, శుభ్రంగా జరుగుతుంది. అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో షెన్లీ పార్కు రోడ్ల మీద 1983లో పాత కార్ల రేసు మొదలుపెట్టారు. నడిపేది వాలంటీర్లు, మిగిలిన డబ్బు ఆటిజం, మానసిక ఎదుగుదల సమస్యలున్న వాళ్లకు వెళ్తుంది. అక్కడా రోడ్లు మూసేస్తారు, గోడల వెంట గడ్డి కట్టలు పేరుస్తారు, ప్రతి మలుపులో జెండాతో మనిషి ఉంటాడు. దానం పేరు చెప్పి వీటిలో ఒక్కటీ మానేయరు.

మిగతావి గబగబా చెప్పేస్తాను.

బారికేడ్ ఉంది కదా అని దాన్ని ఆనుకుని నిలబడొచ్చన్నది అపోహ. టన్నుల బరువున్న కాంక్రీటు దిమ్మె కారును ఆపుతుంది, కారు నుంచి ఊడిన ముక్కను ఆపదు. అందుకే దాని పైన ఎత్తుగా ఇనుప జాలీ ఉంటుంది. 1955లో లె మాన్స్‌లో కారు ముక్కలు జనంలోకి దూసుకొచ్చి 80 మందికి పైగా ప్రేక్షకులు చనిపోయారు. జాలీ లేని చోట, మలుపు బయటి వైపు నిలబడకండి. మార్షల్ వెళ్లమంటే వెళ్లండి, వాదన తర్వాత పెట్టుకోవచ్చు.

రోడ్డు కొత్తగా తారు వేస్తే ట్రాక్ అయిపోతుందన్నది ఇంకోటి. 2023 నవంబరులో లాస్ వేగాస్‌లో ఫార్ములా వన్ మొదటి ప్రాక్టీసు నిమిషాల్లోనే ఆగిపోయింది. రోడ్డులో ఉన్న ఒక మూత లేచి కార్లోస్ సైన్జ్ కారు అడుగును చీల్చేసింది. అంత ఖర్చు పెట్టిన ఊళ్లోనే అలా అయితే, మన మ్యాన్‌హోళ్ల సంగతి నేను చెప్పక్కర్లేదు.

ఎలక్ట్రిక్ కార్లయితే శబ్దం లేదు, ప్రమాదం లేదు అంటారు. రేసులో ఎలక్ట్రిక్ కారు ఆగిపోతే దాని మీద ఆకుపచ్చ లైటు కనిపించేదాకా మేం చెయ్యి కూడా వెయ్యం. లైటు ఎరుపైతే కారులో కరెంటు తేడా చేసిందని అర్థం.

పాండురంగాపురం, కిర్లంపూడి వైపు ఉండే పెద్దవాళ్లు నన్ను నిజంగా ఆందోళనతో అడిగేది ఒకటే: “రోడ్డు మూసేస్తే, రాత్రి మీ అంకుల్‌కి గుండె నొప్పి వస్తే కేజీహెచ్‌కి ఎలా తీసుకెళ్లాలి?” వాళ్ల మీద నాకు విసుగు లేదు. పద్ధతి ప్రకారం జరిగే రేసుకు అత్యవసర దారుల ప్లాన్ ముందే ఉంటుంది. అవసరమైతే ఎర్ర జెండా చూపించి కార్లన్నీ ఆపి అంబులెన్సును దాటిస్తారు. ప్రాణం కంటే ల్యాప్ ముఖ్యమని ఏ రేస్ డైరెక్టరూ అనడు. అయితే ఆ ప్లాన్ కాగితం మీద ఉంటే చాలదు, గేటు దగ్గర మనిషి ఉండాలి. హైదరాబాద్‌లో ప్రాక్టీసు రోజున మామూలు బండ్లు ట్రాక్ మీదికి వచ్చేసిన వీడియోలు చాలామంది చూసే ఉంటారు. అందుకే మీ వీధి చివర గేటు ఎవరి చేతిలో ఉంటుందో, ఆ మనిషి ఫోన్ నంబరేమిటో ముందే అడగండి. జాలరిపేట వాళ్లు కూడా అంతే, పడవలు వచ్చే వేళకు బుట్టలు ఏ దారిన బయటికి వెళ్తాయో రాసివ్వమని అడిగి తీసుకోవాలి. 2025 జూన్ 21న యోగా దినోత్సవానికి ఈ రోడ్డు పొడవునా జనాన్ని కూర్చోబెట్టినప్పుడు ఎక్కడికక్కడ దారులు ముందే గీసుకున్నారు, కాబట్టి అది చేతకాని పనేం కాదు.

చివరిగా డబ్బు సంగతి. చారిటీ రేసు టికెట్ కొంటే 80జీ కింద పన్ను మినహాయింపు వస్తుందని పోస్టర్ మీద వేస్తారు. టికెట్‌కు బదులుగా మీరు రేసు చూస్తున్నారు, అది విరాళం కాదు. విడిగా ఇచ్చిన విరాళానికైతే వర్తించొచ్చు, అదీ పాత పన్ను విధానంలో ఉంటేనే. నగదుగా రెండు వేలు దాటి ఇస్తే రాదు. కాబట్టి ఇవ్వదలచుకున్నది ట్రస్టు ఖాతాకు నేరుగా వేసి రసీదు తీసుకోండి. ఎంట్రీ ఫీజు కట్టమంటే ముందు ప్రభుత్వ అనుమతి కాపీ, ఎఫ్‌ఎంఎస్‌సీఐ పర్మిట్, తేదీ, చోటు స్పష్టంగా రాసి ఉన్న పాలసీ కాపీ చూపించమనండి. “ముందు డబ్బు కట్టండి, తర్వాత వాట్సాప్‌లో పెడతాం” అంటే కట్టొద్దు.