సవర ఊళ్ల ఇళ్లు: అపోహలు - వాస్తవాలు

పర్లాకిమిడి చుట్టుపక్కల పాత మట్టి ఇళ్లు బాగుచేయడం నా పని. ఒడిశాలోని గజపతి, రాయగడ కొండల మీది లాంజియా సవరల (సవర గిరిజనుల్లో ఒక శాఖ) ఊళ్లకూ వెళ్తుంటాను. గిడుగు రామమూర్తి పంతులు గారు సవర భాష నేర్చుకుని 1938లో నిఘంటువు తెచ్చిన ప్రాంతం ఇది. ఇక్కడి తెలుగువాళ్లే ఆ ఇళ్లను తీసిపారేసినట్టు మాట్లాడితే బాధేస్తుంది.

అపోహ: మట్టిగోడకు సిమెంట్ పూస్తే గట్టిపడుతుంది.

వాస్తవం: నేను చూసినంతలో ఎక్కువ ఇళ్లను పాడుచేస్తున్నది ఇదే. ఈ గోడలు మట్టితో రాళ్లు పేర్చి కట్టినవి. వానాకాలంలో నేల తేమ గోడలోకి ఎక్కుతుంది, ఎండ కాయగానే బయటికి పోతుంది. ఎర్రమట్టి అలుకు దానికి అడ్డం రాదు. సిమెంట్ ఆ దారి మూసేస్తుంది. పైకి గోడ నున్నగానే ఉంటుంది, లోపల గోడ అడుగు మెత్తబడుతుంటుంది. కొన్నాళ్లకు ప్లాస్టరింగ్ పెచ్చులుగా ఊడుతూ మట్టినీ లాక్కొస్తుంది. పగులు వస్తే అదే రకం మట్టిని జల్లించి, గడ్డి ముక్కలు కలిపి, నానబెట్టి తొక్కండి. పగులును తడిపి దానితో నింపి, పైన అలకండి. మేస్త్రీ సిమెంట్ బస్తా తెస్తానంటే వద్దని గట్టిగా చెప్పండి.

అపోహ: కట్టడం రాకే చూరు అంత కిందికి దించారు, కిటికీలు మానేశారు.

వాస్తవం: కొండ మీద వాన ఏటవాలుగా కొడుతుంది. చూరు దిగితేనే గోడ తడవదు. ఎత్తయిన అరుగు వల్ల వాలు మీది నీరు గోడ మొదట్లోకి రాదు. కిటికీలు లేక లోపలే నిలిచే పొయ్యి పొగ అటక మీది గింజల్ని ఆరబెడుతుంది, గడ్డికప్పుకు పురుగు పట్టనివ్వదు. ఆ పొగ మనుషులకు మంచిది కాదు, నిజమే. అందుకే గోడ పైభాగంలో, చూరు చాటున సందు పెట్టమంటాను.

అపోహ: గోడ మీది బొమ్మలు అలంకారం.

వాస్తవం: కాదు. ఎర్రటి గోడ మీద బియ్యప్పిండితో గీసే ఇడితాల్ సోనుంలకు, అంటే దేవతలకు, పూర్వీకులకు సంబంధించింది. ఇంటివాళ్లు సరేననకుండా ఆ గోడను ముట్టకూడదు.

అపోహ: రేకులు వేస్తే ఇక టెన్షన్ లేదు.

వాస్తవం: గడ్డి మార్చే శ్రమ తప్పుతుంది, వేసుకోండి. కానీ డబ్బు మిగులుతుందని చూరు కురచ చేస్తున్నారు. అప్పుడు వాన నేరుగా గోడకే తగులుతుంది. రేకు కొనేముందు పాత చూరు గోడ దాటి ఎంత బయటికి ఉందో కొలవండి, కొత్తదీ అంతే ఉంచండి.