ఫొటో నుంచి శిల్పం: అపోహలు - వాస్తవాలు

అపోహ: ఫొటోల నుంచి శిల్పం చేయడం కంప్యూటర్లు వచ్చాక పుట్టిన కళ.
వాస్తవం: 1860 ప్రాంతంలోనే పారిస్‌లో ఫ్రాన్స్వా విలెమ్ మనిషిని గుండ్రటి గది మధ్యలో నిలబెట్టి, చుట్టూ 24 కెమెరాలతో ఫొటోలు తీసి, వాటి అంచురేఖలను పాంటోగ్రాఫ్‌తో (గీతను అనుసరించి నకలు దించే చేతుల పరికరం) మట్టిలోకి దించేవాడు. ఇప్పుడు వస్తువు చుట్టూ తీసిన ఫొటోలను కలిపి సాఫ్ట్‌వేర్ దాని 3డీ మోడల్ కడుతుంది; ఇదే స్కాన్. దాన్ని 3డీ ప్రింటర్‌లో బొమ్మగా తీస్తారు.

అపోహ: ఎన్ని ఎక్కువ ఫొటోలు తీస్తే మోడల్ అంత బాగా వస్తుంది.
వాస్తవం: ఎన్ని తీశామన్నది తర్వాతి మాట. ముందు ప్రతి ఫొటోలో దాదాపు 70 శాతం పక్క ఫొటోలోనూ కనబడాలి. చేతిలో పట్టే బొమ్మకైతే మూడు ఎత్తుల్లో, ఒక్కో వరసకు 24 నుంచి 36 చాలు. కెమెరాలో ఐఎస్ఓ (వెలుతురుకు స్పందించే స్థాయి) 100, లెన్స్ రంధ్రం ఎఫ్/8 నుంచి ఎఫ్/11, కెమెరా ట్రైపాడ్ మీద. జూమ్, వైట్ బ్యాలెన్స్ (రంగుల సర్దుబాటు) మొదట పెట్టినవి చివరిదాకా కదపొద్దు. మసకగా వచ్చినవి మొహమాటం లేకుండా తీసేయండి. కెమెరా మీది ఫ్లాష్ వద్దు: కెమెరాతోపాటు నీడలూ కదులుతాయి, సాఫ్ట్‌వేర్ లెక్క తప్పుతుంది. తిరిగే బల్ల వాడితే వెనక మడతల్లేని నల్లగుడ్డ కట్టండి. లేకపోతే కదలని గోడను చూసి, బొమ్మ తిరగనే లేదని సాఫ్ట్‌వేర్ అనుకుంటుంది. ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే.

అపోహ: ఏ వస్తువునైనా స్కాన్ చేయొచ్చు.
వాస్తవం: గాజు, మెరిసే ఇత్తడి, ఏ మచ్చా లేని తెల్లటి పింగాణీ మొండికేస్తాయి. తనంతట తాను ఆవిరైపోయే స్కానింగ్ స్ప్రే పలచగా కొడితే పని జరుగుతుంది, కానీ వస్తువు అసలు రంగు ఫొటోల్లోకి రాదు. పక్కన స్కేలు పెట్టడం మరవొద్దు; ఫొటోలను బట్టి ఆకారం తెలుస్తుంది, కొలత తెలియదు.

అపోహ: తెరమీద బాగుంటే ప్రింటూ బాగుంటుంది.
వాస్తవం: స్కాన్ అంటే లోపల ఏమీ లేని పొర. కన్నాలు పూడ్చి, బొమ్మ గోడకు కనీసం 2 మిల్లీమీటర్ల మందం ఇవ్వాలి. రెజిన్‌తో (వెలుతురు తగిలితే గట్టిపడే ద్రవం) బోలుగా ప్రింట్ చేస్తే 3, 4 మిల్లీమీటర్ల రంధ్రాలు రెండు వదలండి. లోపల చిక్కిన పచ్చి రెజిన్ నెలల తర్వాతైనా బొమ్మను పగలగొడుతుంది. పీఎల్‌ఏ (3డీ ప్రింటర్లలో వాడే ఒక ప్లాస్టిక్) 60 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది, ఎండలో ఉంచే పనికి అది కాదు.

అపోహ: ఏ ప్రింటర్‌లో తీసిన ఫొటో అయినా శిల్పం మీదికి దిగుతుంది.
వాస్తవం: లేజర్ ప్రింటే కావాలి, మామూలు ఇంక్‌జెట్ సిరా తడికి కారిపోతుంది. ఫొటోను అద్దంలోలా తిప్పి ప్రింట్ తీయండి. టోనర్‌లో (లేజర్ ప్రింటర్ రంగుపొడి) తెలుపు ఉండదు కాబట్టి, శిల్పాన్ని 220 నంబరు గరుకుకాగితంతో రుద్దాక ముందు తెల్ల జెస్సో (రంగుకు ముందు వేసే పూత) పూయాలి. ఆపైన అక్రిలిక్ జెల్ రాసి కాగితం అంటించి, రాత్రంతా ఆరనిచ్చి, కాగితం పోయి ఫొటో మిగిలేలా తడిపి వేలితో మెల్లగా రుద్దండి. గుండ్రటి చోట్ల ఒకే కాగితం ముడతలు పడుతుంది, ముక్కలుగా కోసి అంటించక తప్పదు.